కొత్త గణతంత్రానికి అసలు కష్టం ఎక్కడ ఎదురైంది? చిత్తూరు జిల్లా వైపు నుంచి ఒక సమాధానం

గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న మీరు రెండు విషయాలు అడిగారు. స్వతంత్ర భారతం తొలి ఏళ్లలో ఎదుర్కొన్న సవాళ్లంటూ ప్రతి పుస్తకంలోనూ విభజన, సంస్థానాల విలీనం, రాజ్యాంగం, ఆహార కొరత, భాషా రాష్ట్రాలు అని వరుసగా రాస్తారు గదా, వీటన్నిటిలో నిజంగా కష్టమైనది ఏది అన్నది మొదటిది. వీటిలో దేనితోనైనా మన చిత్తూరు జిల్లాకు సంబంధం ఉందా అన్నది రెండవది. తిరుపతిలో ముప్పై రెండేళ్లు డిగ్రీ విద్యార్థులకు చరిత్ర పాఠం చెప్పినవాడిని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కానీ రెండింటినీ కలిపి అడిగినవారు తక్కువ. నా దృష్టిలో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. అప్పటిదాకా ఎవరికో ప్రజగా బతికిన మనిషి పేరును, హక్కు గల మనిషి పేరుగా సర్కారు పుస్తకంలోకి ఎక్కించడమే అన్నిటికంటే కష్టమైన పని. ఆ పని ఢిల్లీలో జరిగేది కాదు. పుత్తూరు తాలూకాలోనో మదనపల్లె తాలూకాలోనో ఒక కరణం ముందు జరగాలి.

విభజనను, సంస్థానాలను ముందే క్లుప్తంగా చెప్పి పక్కన పెడుతున్నాను. అవి చిన్న విషయాలని కాదు. విభజనలో కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటారు, లక్షల మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఐదు వందలకు పైగా సంస్థానాలను సర్దార్ పటేల్, ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వి.పి. మేనన్ చాలా కొద్ది కాలంలోనే దేశంలో కలిపారు. 1948 సెప్టెంబరులో కొద్ది రోజుల సైనిక చర్యతో హైదరాబాదు కూడా కలిసింది. అయితే సంస్థానం విషయంలో ఒప్పించవలసినది ఒక రాజును, అతని దివానును. 1951 జనాభా లెక్కల ప్రకారం 36 కోట్లు దాటిన జనాన్ని ఒప్పించడం, వారిలో వయసు వచ్చిన ప్రతి మనిషి పేరూ రాసుకోవడం వేరే రకం పని. దానికి సైన్యం పనికిరాదు.

ఓటర్ల జాబితా దగ్గర నుంచి మొదలుపెడదాం. రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది 1950 జనవరి 26న అమలులోకి వచ్చిందని మీకు కంఠస్థమై ఉంటుంది. కానీ రాజ్యాంగం ఇంకా చిత్తు ప్రతిగా ఉండగానే, 1948లోనే, ఓటర్ల జాబితాల పని మొదలుపెట్టమని రాజ్యాంగ సభ సచివాలయం రాష్ట్రాలకు రాసిందన్న సంగతి చాలా పుస్తకాల్లో కనిపించదు. ఎన్నికల సంఘం ఏర్పడింది 1950 జనవరి 25న. అంటే ఇంటికి పునాది తీస్తుండగానే ఇంట్లో ఎవరెవరు ఉంటారో పేర్లు రాసుకున్నారన్నమాట. బ్రిటిష్ వారు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి, కొంత చదువుకున్నవారికి మాత్రమే ఓటు ఉండేది; అప్పట్లో దేశం మొత్తం మీద ఓటర్లు మూడు కోట్లకు అటూ ఇటూగా ఉండేవారు. 1951 అక్టోబరు 25 నుంచి 1952 ఫిబ్రవరి 21 దాకా జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు ఆ సంఖ్య సుమారు 17 కోట్ల 30 లక్షలు అయింది. అప్పటికి దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మంది. స్త్రీలలో నూటికి తొమ్మిది మంది కూడా లేరు.

మా అవ్వది పుత్తూరు దగ్గర ఒక పల్లె. కరణం దగ్గరి గుమాస్తా పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన రోజును ఆమె చాలాసార్లు చెప్పేది. "నీ పేరేమమ్మా?" అని అతను అడిగితే ఆమె తల దించుకుని "పెద్దింటి చిన్నకోడలిని" అన్నదట. "కోడలికి ఓటు లేదమ్మా, మనిషికే ఓటు, పేరు చెప్పాల" అని అతను పట్టుబట్టాడట. ఆమె నోరు మెదపకపోతే పక్కింటి ముసలమ్మ గోడ అవతల నుంచి ఆమె పుట్టింటి పేరు గట్టిగా చెప్పింది. పెళ్లయి ఎనిమిదేళ్లు గడిచాక ఆ వీధిలో సగం మందికి తన పేరు తెలిసింది ఆ రోజేనని మా అవ్వ అనేది. దేశమంతటా ఇలా గోడ అవతల నుంచి చెప్పేవారు దొరకలేదు. తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించుకున్న స్త్రీలు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, లక్షల సంఖ్యలో తేలారు. అలాంటి సుమారు 28 లక్షల పేర్లను మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితాల్లో చేర్చడానికి ఒప్పుకోలేదు. అంతమంది స్త్రీలు ఓటు పోగొట్టుకోవడం అన్యాయమని నేను పాఠం చెప్పే తొలి రోజుల్లో అనుకునేవాడిని. ఇప్పుడు అలా అనుకోను. ఆ రోజు ఆయన సర్దుకుపోయి ఉంటే స్త్రీ ఓటు భర్త ఓటుకు తోక అయి ఉండేది.

పేరు ఎక్కించాక ఓటు వేయించడం ఇంకో మెట్టు. చదవడం రానివాడు కాగితం మీద ఎక్కడ గుర్తు పెడతాడు? అందుకని ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనుప పెట్టె పెట్టి, దాని మీద అతని గుర్తు అతికించారు. జోడెద్దులవాడికి, అంటే కాంగ్రెసుకు, వేయదలచినవాడు తనకిచ్చిన కాగితాన్ని జోడెద్దుల పెట్టెలో వేస్తే చాలు. ఇందుకోసం ఇరవై లక్షల దాకా పెట్టెలు చేయించవలసి వచ్చింది. వేలికి చెరగని సిరా పెట్టడం కూడా అప్పుడే మొదలైంది. తిరుచానూరులో పుట్టి చిత్తూరులో వకీలుగా పేరు తెచ్చుకున్న మాడభూషి అనంతశయనం అయ్యంగార్, అప్పటికే రాజ్యాంగ సభ సభ్యులు, ఆ ఎన్నికలలోనే తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లి ఉపసభాపతి అయ్యారు. అప్పటి సభాపతి మావలంకర్ మరణించాక 1956లో సభాపతి పీఠం ఎక్కారు. తిరుపతి వీధుల్లో ఆయన విగ్రహం పక్కగా రోజూ నడిచేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇతర దేశాలతో పోల్చితే ఈ సాహసం ఎంతటిదో తెలుస్తుంది. అమెరికా 1789లో కొత్త రాజ్యాంగంతో నడక మొదలుపెట్టినప్పుడు ఓటు హక్కు ప్రధానంగా ఆస్తిపరులైన తెల్లజాతి పురుషులకే ఉండేది; మిగిలినవారు ఒక్కొక్క మెట్టు ఎక్కడానికి నూట డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. మనతోపాటే పుట్టిన పాకిస్తాన్ 1956 దాకా రాజ్యాంగం రాసుకోలేకపోయింది. సాధారణ ఎన్నికలు జరగకముందే 1958 అక్టోబరులో అక్కడ సైనిక పాలన వచ్చింది. ఇండోనేషియాలో మొదటి ఎన్నికలు 1955లో జరిగితే నాలుగేళ్లు తిరగకుండానే సుకర్ణో పార్లమెంటును పక్కకు నెట్టారు. మన దగ్గర తుపాకి పట్టినవారు సైతం పెట్టె దగ్గరికి వచ్చారు: తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించాక, కొద్ది నెలలకే నల్లగొండ నుంచి నిలబడ్డ రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు.

ఇక రెండో పుస్తకం భూమి పుస్తకం. మన జిల్లాకు ఇది అన్నిటికంటే దగ్గరి విషయం కనుక దీని దగ్గర కొంచెం ఆగుతాను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి వచ్చిన తాలూకాలతోపాటు పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరం వంటి పాత జమీందారీల నేల కూడా ఇందులో కలిసింది. అందువల్ల ఒకే జిల్లాలో ఒక ఊరి రైతు శిస్తు నేరుగా సర్కారుకు కట్టేవాడు, పక్క ఊరి రైతు జమీందారు కచేరీలో కట్టేవాడు. రెండో రైతు కట్టే శిస్తు చాలాచోట్ల మొదటి రైతు కట్టేదాని కంటే ఎక్కువగా ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1947లో ముందు ఎస్టేటు భూముల శిస్తు తగ్గిస్తూ ఒక చట్టం చేసి, 1948లో ఎస్టేట్ల రద్దు, రైత్వారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే పద్ధతి) మార్పిడి చట్టం తెచ్చింది. అది ఆ ఏటి 26వ చట్టం.

చట్టం చేయడానికి శాసనసభ చాలు. రైతు చేతికి పట్టా రావడానికి మాత్రం సర్వే గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద ఏళ్ల తరబడి తిరిగేవారు కావాలి. ఎస్టేటు సర్కారు పరం కాగానే సెటిల్మెంటు అధికారులు దిగి, ప్రతి తుండూ కొలిచి, సర్వే నంబరు వేసి, సాగులో ఉన్నది ఎవరో విచారించి పట్టా రాయాలి. అక్కడే తగవులు మొదలయ్యాయి. ఫలానా చేను రైతు సాగుదా, జమీందారు సొంత కంబట్టమా, అంటే తానే చేయించుకునే సాగా? ఫలానా మిట్ట మేతబీడా, సాగు నేలా? ఇన్నాళ్లూ జమీందారు చేయించిన చెరువు మరమ్మతు ఇకపైన ఎవరు చేయించాలి? మన నేల చెరువుల నేల. తూము పాడైతే ఆ ఏడు కయ్యి ఎండినట్టే. జమీను పోయి, ప్రభుత్వ ఇంజనీర్ల చేతికి చెరువు పూర్తిగా రాకముందు గడిచిన ఆ మధ్య కాలంలో ఎన్నో కట్టలు కంపచెట్లతో నిండిపోయాయని మా పెద్దలు చెప్పగా విన్నాను.

మా నాయన ఇనుప పెట్టెలో ఇప్పటికీ ఒక పట్టా కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగి, అట్టముక్కకు అంటించి ఉంటుంది. ఎకరాలు, సెంట్లు, సర్వే నంబరు, శిస్తు రూపాయలు, అణాలు, పైసలు. కింద మా తాత వేలిముద్ర, దాని పక్కన కరణం చేతిరాతలో ఆయన పేరు. తన పేరు ఎలా రాస్తారో చూసుకోవడానికి మా తాత ఆ కాగితమే తీసి చూసుకునేవాడట. అయితే అదే ఊళ్లో కోరుకు (పంటలో వాటాకు), నోటిమాట గుత్తకు సాగు చేసినవారి దగ్గర చూపించడానికి రసీదు ముక్క కూడా లేదు. వారిలో ఎక్కువ మంది దళితులు, చిన్న కులాలవారు. చట్టం మధ్యవర్తిని తీసేసింది కానీ అందరికంటే కింద ఉన్నవాడి పేరు పుస్తకంలోకి ఎక్కించలేకపోయింది. తొలి ప్రభుత్వాల పనిలో నాకు కనిపించే అతి పెద్ద లోటు ఇదే, దీన్ని మీ జవాబులో తప్పకుండా రాయండి.

ఈ భూమి చట్టాలే రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించేలా చేశాయి. బీహారు చట్టాన్ని పాట్నా హైకోర్టు 1951 మార్చిలో కొట్టివేయగానే, జమీందారీ రద్దు ఎక్కడికక్కడ కోర్టుల్లో ఆగిపోతుందన్న భయం పట్టుకుంది. మరుసటి నెలలోనే ఇంకో తీర్పు వచ్చింది, అది నేరుగా మన మద్రాసు రాష్ట్రానికి సంబంధించినది. వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లలో ప్రతి పద్నాలుగింటిలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకు, రెండు వెనుకబడిన హిందువులకు, రెండు బ్రాహ్మణులకు, రెండు హరిజనులకు, ఒకటి ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి, ఒకటి ముస్లింలకు అని మద్రాసులో ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఉండేది. మదనపల్లె నుంచో పలమనేరు నుంచో మద్రాసుకు డాక్టరు చదువుకు దరఖాస్తు పంపిన పిల్లవాడికి కూడా వర్తించిన లెక్క అది. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని చెల్లదన్నది. 1951 జూన్‌లో వచ్చిన మొదటి సవరణ 15వ అధికరణానికి నాలుగో క్లాజును చేర్చి వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు దారి తెరిచింది. 31ఎ, 31బి అధికరణాలను, తొమ్మిదవ షెడ్యూలును తెచ్చి భూమి చట్టాలకు రక్షణ ఇచ్చింది. ఆ షెడ్యూలులో మొదట పెట్టిన 13 చట్టాలలో మన మద్రాసు ఎస్టేట్ల చట్టం కూడా ఉంది. అదే సవరణ వాక్ స్వాతంత్ర్యం మీద ఆంక్షలకు ఉన్న అవకాశాన్ని కూడా పెంచింది. ఆ పని చేసినది వయోజన ఓటుతో ఎన్నికైన సభ కాదు, తాత్కాలిక పార్లమెంటు. ఎన్నికలకు కొన్ని నెలల ముందు అలాంటి సభ ప్రాథమిక హక్కులను ముట్టుకోవడం నాకు ఈనాటికీ మింగుడు పడదు. భూమి విషయంలో తొందర అవసరమేనని ఒప్పుకుంటాను. మాట విషయంలో ఆ తొందర అక్కరలేదు.

ఆహారం సంగతి. విభజనతో పంజాబు కాలువల కింది గోధుమ పొలాలు, బెంగాలు జనపనార పొలాలు చాలావరకు అవతలికి పోయాయి. 1951లో అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల అప్పు మీద 20 లక్షల టన్నుల ధాన్యం తెచ్చుకోవలసి వచ్చింది. అదే కాలంలో రాయలసీమలో వానలు వరుసగా మొహం చాటేశాయి. 1952 నాటికి గంజి కేంద్రాలు తెరవవలసిన స్థితి వచ్చింది. ఆకలిగా ఉన్నవాడిని వరుసలో నిలబెట్టి ఓటు అడిగిన ఏడాది అది. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయంటే ఆశ్చర్యం లేదు. ముఖ్యమంత్రి అయిన రాజాజీ 1952 జూన్‌లో ఆహార ధాన్యాల కంట్రోళ్లు ఎత్తివేశారు. అందరూ భయపడినంత ఉపద్రవం రాలేదు, దాచిన ధాన్యం అంగడికి వచ్చింది. ఓటు వేసిన జనం కోపాన్ని ప్రభుత్వం విన్నది అనడానికి అది తొలి గుర్తులలో ఒకటి.

భాషా రాష్ట్రాల చరిత్ర మీకు తెలుసు కాబట్టి పొట్టి శ్రీరాములు గారి నిరాహారదీక్ష 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా సాగిందని, ఆయన ప్రాణత్యాగం తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని మాత్రం గుర్తు చేసి ముందుకు వెళతాను. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం తగవు మీద 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కొత్త రాష్ట్రంలో ఏడాది తిరగ్గానే ప్రభుత్వం పడితే జరిగినది ఇంకో ఎన్నిక మాత్రమే. మన వైపు మిగిలిన గొప్ప ఫలితం 1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. అంతకు ముందు ఇక్కడి పిల్లలు పై చదువుకు మద్రాసు రైలు ఎక్కవలసిందే. నాకు చరిత్ర చెప్పిన గురువులలో ఇద్దరు ఆ విశ్వవిద్యాలయం తొలి బ్యాచ్‌ల వారే.

రాష్ట్రం వచ్చింది సరే, దాని అంచు ఎక్కడ? ఈ ప్రశ్న చిత్తూరు జిల్లాను మరో ఆరేడేళ్లు నిద్రపోనివ్వలేదు. మనవారు మద్రాసు కావాలన్నారు. మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు వేంకటాద్రి దాకా తమదేనన్నారు. తిరుత్తణి, పుత్తూరు, చిత్తూరు వైపు పల్లెల్లో ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకో భాష మాట్లాడేవారు. అమ్మ తెలుగు, నాయన తమిళం అయిన పిల్లవాడిని ఏ లెక్కలో వేయాలి? చివరికి హెచ్.వి. పటాస్కర్‌ను మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఆయన తాలూకాను, ఫిర్కాను (తాలూకాలో కొన్ని గ్రామాల విభాగాన్ని) వదిలి గ్రామాన్ని కొలతగా తీసుకున్నారు. గ్రామంలో ఎక్కువ మంది మాట్లాడే భాష, ఆ గ్రామాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం, ఈ రెండూ చూశారు. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. అప్పుడు ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు కూడా అలా జిల్లా దాటిపోయింది. మా అవ్వ చెల్లెలిని ఇచ్చినది తిరుత్తణి అవతలి పల్లెకు. ఒక ఏడాది మార్చి దాకా ఆమె ఇంటి శిస్తు రసీదు తెలుగులో ఉంటే, ఆ తరువాతి రసీదులు అరవంలో వచ్చాయి. ఆమె రెండింటినీ ఒకే దారంతో కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. రెండు వైపులా ఉద్యమాలు జరిగిన చోట, చివరి గీతను గ్రామం గ్రామంగా లెక్క చూసి గీయడం, దాన్ని ఇరుపక్షాలూ పళ్ల బిగువున ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. పంజాబును కొన్ని వారాలలో పటం మీద కోసిన తీరుతో దీన్ని పోల్చి చూడండి.

అన్నిటికంటే తక్కువ ఫలితం కనిపించినది అంటరానితనం విషయంలో. మద్రాసులో ఆలయ ప్రవేశ చట్టం 1947లోనే వచ్చింది, రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో శిక్షల చట్టం వచ్చింది. కాగితం మీద ఏ లోటూ లేదు. నేను 1960లలో బడికి వెళ్లే దారిలో ఒక కాఫీ అంగడి ఉండేది. దాని పంచన రెండు కొబ్బరి చిప్పలు వేలాడదీసి ఉండేవి. మా తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లవాడి తండ్రి ఓటరు జాబితాలో ఉన్నాడు, సర్పంచి ఎన్నికలో అతని ఇంటికి వచ్చి చేతులు జోడించి ఓటు అడిగారు, కానీ అంగట్లో ఆయనకు కాఫీ ఆ చిప్పలోనే పోశారు. పేరు పుస్తకంలోకి ఎక్కినా ఊళ్లోకి ఎక్కలేదు. గణతంత్రం తొలి ఏళ్ల గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా నాకు ఆ చిప్పలు కళ్లముందు ఆడతాయి.

పరీక్షకు రాసేటప్పుడు సవాళ్లను పక్కపక్కన పేర్చకుండా, అవన్నీ ఒకే సమయంలో మీద పడ్డాయని తేదీలతో చూపించండి. 1951 ఒక్క ఏడాదినే తీసుకున్నా చాలు: జనాభా లెక్కలు, చంపకం తీర్పు, మొదటి సవరణ, అమెరికా ధాన్యం, మొదటి పంచవర్ష ప్రణాళిక, ఎన్నికల మొదలు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకొక పని కూడా చేయండి. 1952లో ఓటు వేయడానికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. ఆ ఓటు వేసినవారికి ఇప్పుడు తొంభై నాలుగు దాటి ఉంటుంది. నగరి, పుత్తూరు, పుంగనూరు వైపు అలాంటివారు ఇంకా కొద్దిమంది ఉన్నారు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు దగ్గర కూర్చుని, ఏ పెట్టెలో కాగితం వేశారో, పేరు ఎవరు రాసుకున్నారో, పట్టా ఏ ఏడాది చేతికి వచ్చిందో అడిగి, తేదీ వేసి రాసిపెట్టుకోండి.